అనుమానం ఔషధం కాదు

(ఆరోగ్య వేదిక)

గడచిన రెండు సంచికలలో ఈ శీర్షిక క్రింద రక్తపోటును గురించి, మధుమేహాన్ని గురించి ముచ్చటించుకున్నాము. ఆ వ్యాసాలపై పాఠకులు వ్రాసిన ఉత్తరాలన్నీ పేర్లతో, విభాగాల వివరాలతో సహా మాకు అందాయి. ఈ నెల మేము సమాధానం చెప్పదలచిన ఉత్తరానికి మాత్రం సంతకం లేదు. ఎందుకు లేదో చదివిన వెంటనే అర్థమయింది.

అది ప్రాజెక్టు పనిమీద ఇంటికి దూరంగా ఉంటున్న ఒక సోదరుడు వ్రాసిన ఉత్తరం. వివాహమై పదకొండు సంవత్సరాలయింది. రెండు నెలలకొకసారి ఇంటికి వచ్చి వెళ్తుంటారు. ఇటీవల ఆయన భార్య తెల్లబట్టతో, దురదతో బాధపడి వైద్యురాలికి చూపించుకోగా 'ట్రైకోమోనియాసిస్' అని చెప్పారట. ఇది దంపతుల మధ్య సంక్రమించే వ్యాధి కనుక భర్తను కూడా తీసుకురమ్మన్నారట. "నాకు ఏ బాధా లేదు, నేను ఏ తప్పూ చేయలేదు, మరి ఈ వ్యాధి మా ఇంట్లోకి ఎలా వచ్చింది?" అని ఆ సోదరుని ప్రశ్న. భార్యను పుట్టింటికి పంపించివేసినట్లు చివరి వాక్యంలో వ్రాశారు.

మా సమాధానం ముందుగా చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాము. సోదరా, మీ భార్యకు ఆ వ్యాధి ఎప్పుడు సోకిందో, ఎవరి ద్వారా సోకిందో ఆ పరీక్ష చెప్పలేదు, చెప్పజాలదు. మీకు ఏ బాధా లేకపోవడం మీకు వ్యాధి లేదనడానికి ఆధారం కాదు. తక్షణమే వెళ్ళి ఆమెను తీసుకురండి. ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్ళండి. మిగిలిన ప్రశ్నలన్నీ ఆ తరువాతివి.

ఇటువంటి పరిస్థితి ఏ ఇంటికైనా రావచ్చును కనుక ఈ విషయాన్ని కొంత విపులంగా చర్చించడం అవసరమని భావిస్తున్నాము.

పేరులోనే తీర్పు

మన పెద్దలు ఈ వ్యాధులను సుఖవ్యాధులు అన్నారు. సిఫిలిస్‌ను సవాయి అనీ, గనేరియాను సెగవ్యాధి అనీ పిలిచారు. 'సుఖవ్యాధి' అన్న మాటలో ఒక తీర్పు ముందే దాగి ఉన్నది. వ్యాధి వచ్చినవారు ఏదో సుఖాన్ని వెదుక్కుంటూ వెళ్ళారనీ, దాని ఫలితం అనుభవిస్తున్నారనీ ఆ మాట సూచిస్తుంది. గడప దాటని ఇల్లాలికి, తల్లి గర్భంలోనే వ్యాధి సోకిన పసికందుకు ఆ పేరు ఎంత అన్యాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

నేటి వైద్యులు వీటిని లైంగిక సంక్రమణలు అంటున్నారు. ఈ పేరుమార్పు కేవలం మర్యాద కోసం జరిగినది కాదు. వ్యాధి అన్నప్పుడు శరీరానికి ఏదో ఒక బాధ తెలుస్తుంది. సంక్రమణ అంటే సూక్ష్మజీవి శరీరంలో చేరి ఉంటే చాలు, బాధ తెలియవలసిన పనిలేదు. ఈ భేదాన్ని గ్రహించకపోవడం వల్లనే అనేక కుటుంబాలలో కలతలు పుడుతున్నాయి.

లైంగిక సంపర్కం ద్వారా సంక్రమించే సూక్ష్మజీవులు ముప్పైకి పైగా ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వీటిలో ముఖ్యమైనవి ఎనిమిది. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగూ మందులతో పూర్తిగా నయమవుతాయి. హెపటైటిస్-బి, హెర్పిస్, హెచ్.ఐ.వి., హెచ్.పి.వి. అనే నాలుగూ వైరస్‌ల వలన కలిగేవి. నయమయ్యే ఆ నాలుగు సంక్రమణలే 2020 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 37 కోట్ల 40 లక్షల మేరకు కొత్తగా సోకి ఉంటాయని ఆ సంస్థ అంచనా. అందులో అత్యధిక భాగం, అనగా 15 కోట్ల 60 లక్షలు, మన పాఠకుడు వ్రాసిన ట్రైకోమోనియాసిస్‌వే. ఇంత విస్తారంగా ఉన్నదానిని ఏదో ఒక వర్గం వారికి, ఏదో ఒక వీధికి పరిమితమైన వ్యాధిగా భావించడం పొరపాటు.

లక్షణం లేని అతిథి

ఈ సంక్రమణలు వ్యాపించడానికి ప్రధాన కారణం ఇవి మౌనంగా ఉండగలగడమే. ట్రైకోమోనియాసిస్ సోకినవారిలో సుమారు నూటికి డెబ్బైమందికి ఎటువంటి లక్షణాలూ ఉండవు. పురుషుల మూత్రనాళంలో ఆ జీవి ఏ బాధా కలిగించకుండా నివసించగలదు. చికిత్స పొందని స్త్రీలలో అది నెలల తరబడి, కొందరిలో సంవత్సరాల తరబడి ఉండిపోగలదు. క్లమీడియా సోకిన స్త్రీలలో కూడా అధిక సంఖ్యాకులకు ఏమీ తెలియదు. సంతానం కోసం వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు గర్భనాళాలు మూసుకుపోయాయని చెప్పేవరకు తమకు ఒక సంక్రమణ వచ్చిపోయిందన్న సంగతే వారు ఎరుగరు.

సిఫిలిస్ మరింత మాయలమారి. సూక్ష్మజీవి ప్రవేశించిన సుమారు మూడు వారాలకు అక్కడ ఒక పుండు ఏర్పడుతుంది. అది నొప్పి పెట్టదు. చికిత్స చేయకపోయినా మూడు నుండి ఆరు వారాలలో తనంతట తానే మానిపోతుంది. రోగి తేలికగా ఊపిరి పీల్చుకుంటాడు. కాని సూక్ష్మజీవి రక్తంలో చేరి ఉంటుంది. కొంతకాలానికి ఒంటిపై దద్దుర్లు కనిపించి, అవి కూడా మాయమవుతాయి. ఆ తరువాత ఏ చిహ్నమూ లేకుండా సంవత్సరాలు గడిచిపోవచ్చు. గర్భిణికి ఈ వ్యాధి ఉండి చికిత్స జరగకపోతే గర్భంలోని శిశువుకు సోకి, గర్భస్రావానికో, మృతశిశు జననానికో దారితీయవచ్చు. అందుకే గర్భిణులకు చేసే తొలి పరీక్షలలో హెచ్.ఐ.వి. పరీక్షతో పాటు సిఫిలిస్ పరీక్షను కూడా చేర్చారు. సకాలంలో ఇచ్చే పెన్సిలిన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది.

వ్యాప్తిలో స్త్రీపురుషుల మధ్య సమానత్వం లేదన్నది మరొక ముఖ్యాంశం. గనేరియా ఉన్న పురుషుని నుండి స్త్రీకి ఒక్క కలయికలోనే సోకే అవకాశం సగానికి పైగా ఉంటుంది. స్త్రీ నుండి పురుషునికి సోకే అవకాశం దాదాపు ఐదింట ఒక వంతు మాత్రమే. పురుషునికి రెండు మూడు రోజులలోనే మంట, చీము కనిపించి జాగ్రత్తపడతాడు. స్త్రీకి తరచుగా ఏ లక్షణమూ కనిపించదు. ప్రకృతి ఆమెకు ప్రమాదాన్ని హెచ్చుగాను, హెచ్చరికను తక్కువగాను ఇచ్చింది. సమాజం ఆ పైన నిందను కూడా ఆమెకే ఇస్తున్నది.

పరీక్ష చెప్పేది, చెప్పనిది

పరీక్షా ఫలితంలో వ్యాధి పేరు ఉంటుంది. తేదీ ఉండదు, దోషి పేరు ఉండదు. ఈ ఒక్క విషయాన్ని దంపతులు గుర్తుంచుకుంటే అనేక సంసారాలు నిలబడతాయని మా అభిప్రాయం. కొన్ని ఉదాహరణలు చూద్దాము.

మన సంస్థలలో ఏటా జరిగే వైద్యపరీక్షలలో, లేదా రక్తదాన శిబిరంలో, ఒక ఉద్యోగికి హెపటైటిస్-బి ఉన్నట్లు తేలిందనుకుందాము. ఇది లైంగికంగా సంక్రమించగలదని పుస్తకంలో చదివిన భార్య మనసు కలతపడుతుంది. కాని ఈ వైరస్ కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు, లేదా పసితనంలో ఇతరుల నుండి సోకి, దశాబ్దాలపాటు శరీరంలో నిలిచిపోగలదు. శుభ్రపరచని సూదుల ద్వారా కూడా వస్తుంది. శిశువులకు ఈ టీకా మన జాతీయ కార్యక్రమంలో దేశమంతటా అమలులోకి వచ్చినది 2011లో. అంతకు ముందు పుట్టిన వారిలో చాలామందికి బాల్యంలో ఆ రక్షణ లభించలేదు. అటువంటప్పుడు నలభై ఏళ్ళ వ్యక్తి రక్తంలో కనబడిన వైరస్‌కు, అతని శీలానికి ముడిపెట్టడం తగదు. చేయవలసినది భార్యకు, పిల్లలకు రక్తపరీక్ష జరిపించి, లేనివారికి టీకా వేయించడం.

హెచ్.పి.వి. సంగతి కూడా అంతే. లైంగిక జీవితం ఆరంభించిన స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. చాలామందిలో రెండేళ్ళలోపే శరీరం దానిని తొలగిస్తుంది. కొందరిలో మాత్రం నిలిచిపోయి, అనేక సంవత్సరాల తరువాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఆ పరీక్ష చేయించమని చెప్పడం ప్రాణరక్షణ కోసమే. అందులో వైరస్ ఉన్నదని తేలితే అది నిన్న వచ్చినదో, వివాహానికి పూర్వం భార్యాభర్తలలో ఎవరి నుండి వచ్చినదో ఎవరూ నిర్ణయించలేరు. హెర్పిస్ సైతం సోకిన చాలాకాలానికి మొదటిసారిగా పొక్కుల రూపంలో బయటపడవచ్చు.

మరికొన్ని సందర్భాలలో అసలు లైంగిక సంక్రమణే ఉండదు. తెల్లబట్టకు బూజు జాతికి చెందిన కాండిడా కారణం కావచ్చు. యోనిలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతుల్యం తప్పడం వలన కూడా దుర్వాసనతో కూడిన స్రావం రావచ్చు. మధుమేహం, యాంటిబయాటిక్ మందుల వాడకం మొదటిదానికి దోహదం చేస్తాయి. ఇవి పరాయి సంబంధానికి నిదర్శనాలు కావు. సిఫిలిస్ కోసం చేసే వి.డి.ఆర్.ఎల్. రక్తపరీక్ష సైతం మలేరియా, కుష్ఠు వంటి వ్యాధులలోను, కొన్ని కీళ్ళవ్యాధులలోను, ఒక్కొక్కసారి గర్భధారణలోను, వ్యాధి లేకపోయినా ఉన్నట్లు చూపవచ్చు. రెండవ నిర్ధారణ పరీక్ష జరిగేవరకు ఎవరూ ఒక నిశ్చయానికి రాకూడదు.

ఇంకొక సంగతి. మన దేశంలో అనేక వైద్యకేంద్రాలలో లక్షణాలను బట్టి చికిత్స చేసే పద్ధతి అమలులో ఉన్నది. స్రావం, పుండు, గజ్జల వాపు మొదలైన లక్షణాలకు తగినట్లు రంగురంగుల పొట్లాలలో మందులు ఇస్తారు. ప్రయోగశాల ఫలితం కోసం రోగిని తిప్పకుండా మొదటి రోజే చికిత్స ప్రారంభించడం దీని ప్రయోజనం. కాని ఈ పద్ధతిలో వైద్యులు చెప్పే వ్యాధి పేరు ఒక సహేతుకమైన ఊహ మాత్రమే. కనుక ఆ సోదరుడు తన భార్యకు నిజంగా సూక్ష్మదర్శిని పరీక్ష జరిగిందా, లేక లక్షణాలను చూసి చెప్పినదా అని వైద్యురాలిని అడిగి తెలుసుకోవడం మంచిది. రెండింటిలో ఏది అయినా, భర్తను పిలిపించిన వైద్యురాలి ఉద్దేశం చికిత్సే. విచారణ కాదు.

నమ్మకం ఒక్కటే చాలదు

ఇంతవరకు వ్రాసినది చదివి, "అయితే ఏ సంక్రమణా ఎవరి ప్రవర్తన వల్లనూ రాదన్నమాట" అని ఎవరైనా అనుకుంటే అది కూడా సరికాదు. అనేక సందర్భాలలో ఈ సంక్రమణ దాంపత్యం వెలుపలి నుండే లోపలికి వస్తుంది. ఈ సత్యాన్ని మరుగుపరచడం పాఠకులకు మేలు చేయదు.

1997లో పుణె నగరంలోని వైద్య పరిశోధకులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. లైంగిక వ్యాధుల చికిత్సాలయాలకు వచ్చిన వివాహిత స్త్రీలను, తమ భర్తను తప్ప అన్యుని ఎరుగని వారిని, పరీక్షించగా వారిలో కొందరికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు కనుగొన్నారు. వారికున్న ముప్పు భర్త సాహచర్యం ఒక్కటే. వారు నమ్మకంలో ఎవరికీ తీసిపోలేదు. ఆ నమ్మకం వారిని కాపాడలేదు. భర్త వద్ద ఏముందో భార్యకు తెలియదు. చాలా సందర్భాలలో భర్తకే తెలియదు.

మన ప్రాంతంలో దీనికి మరొక కోణం ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ అయిపోతుంది. ఆ తరువాత దంపతులకు కండోమ్ అవసరమే కనిపించదు. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, సంక్రమణను ఆపదు.

మన సోదర ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ లాటెక్స్ 1966లో ఏర్పడినదీ, 1968లో 'నిరోధ్' దేశమంతటా ప్రచారంలోకి వచ్చినదీ కుటుంబ నియంత్రణ కోసమే. ఎర్ర త్రికోణం ప్రక్కన ఆ పేరును గోడలపై చదువుతూ పెరిగిన తరానికి అది సంతానాన్ని ఎడం చేసే సాధనంగానే మనసులో నిలిచింది. అందువల్ల ఆపరేషన్ జరిగిన భార్య దాని ప్రస్తావన తెస్తే భర్త అవమానంగా భావిస్తాడు. భర్త తెస్తే భార్యకు అనుమానం కలుగుతుంది. ఒక రబ్బరు తొడుగు ఆరోపణ పత్రంగా మారిపోయింది. దూరప్రాంతాలలో పనిచేసి వచ్చే ఉద్యోగులు, గుత్తేదారుల వద్ద పనిచేసే కార్మికులు, వాహన చోదకులు ఇళ్ళకు తిరిగి వచ్చినప్పుడు ఈ మొహమాటమే ప్రమాదాన్ని గడప లోపలికి తెస్తున్నది.

మన సోదరులలో ఎవరైనా ఇంటికి దూరంగా ఉన్న కాలంలో ఎప్పుడైనా పొరపడి ఉంటే, వారికి ఒక మాట. పశ్చాత్తాపం సూక్ష్మజీవిని చంపదు. వైద్యునితో దాపరికం లేకుండా చెప్పండి. సంక్రమణ సోకిన తొలి వారాలలో పరీక్ష దానిని పట్టుకోలేకపోవచ్చు. హెచ్.ఐ.వి. పరీక్ష ఇప్పుడు లేదని తేలినా, మూడు నెలలకు మరల చేయించుకోవలసి ఉంటుంది. అంతవరకు భార్యకు దూరంగా ఉండడమో, కండోమ్ వాడడమో తప్పనిసరి. కారణం అడిగితే ఏమి చెప్పాలన్నది కష్టమైన ప్రశ్నే. ఆమెకు తెలియకుండా ఆమె శరీరాన్ని ప్రమాదంలోకి నెట్టడం కంటే ఆ కష్టం చిన్నది.

నమ్మకమంటే పరీక్ష అక్కరలేదని అనుకోవడం కాదు. పరీక్ష చేయించుకుందామని జంకు లేకుండా అనగలగడం, విన్నవారు దానిని నిందగా తీసుకోకపోవడం నమ్మకం. నిజం చెబితే ఇల్లు కూలుతుందని భయపడే చోట ఎవరూ నిజం చెప్పరు. అటువంటి చోట వ్యాధికి మాత్రమే భద్రత ఉంటుంది.

ఇద్దరికీ ఒకేసారి

మన కర్మాగారాలలో పనిచేసే వారికి ఈ పోలిక సులభంగా అర్థమవుతుంది. రెండు నీటితొట్లను ఒక గొట్టం కలుపుతున్నదనుకోండి. ఒక తొట్టిని ఎంత శుభ్రపరచినా, రెండవదానిలో మలినం ఉన్నంతకాలం గొట్టం తెరవగానే మొదటిది మరల కలుషితమవుతుంది. భార్యకు మాత్రమే చికిత్స చేసి భర్తను వదిలివేస్తే జరిగేది అదే. మందులు వాడిన నెలకే ఆమెకు మరల వ్యాధి వస్తుంది. మందు పనిచేయలేదని ఒకరంటారు, ఆమె మరల తప్పు చేసిందని మరొకరంటారు. వాస్తవానికి వ్యాధి ఆ ఇంటిని విడిచి వెళ్ళనేలేదు.

అందువల్ల నయమయ్యే ఈ సంక్రమణలలో వైద్యుని సలహాపై ఇద్దరూ ఒకే సమయంలో మందులు వాడాలి. సాధారణంగా ఇద్దరి చికిత్స పూర్తయి ఏడు రోజులు గడిచి, లక్షణాలు తగ్గేవరకు కలయికకు దూరంగా ఉండమంటారు. లక్షణాలు తగ్గగానే మందు మధ్యలో ఆపకూడదు. ఒకరికి ఇచ్చిన మాత్రలను ఇద్దరూ పంచుకోకూడదు. మూడు నెలలలో మరొకసారి పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.

సొంతవైద్యం మరొక పెద్ద ప్రమాదం. బస్టాండ్ల గోడలపై, రైల్వేస్టేషన్ల వద్ద 'గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స' అన్న ప్రకటనలు చూసి ఆశ్రయించేవారు చదువుకున్న వారిలోనూ ఉన్నారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటిబయాటిక్ మాత్రలను ఒకటి రెండు పూటలు వేసుకోవడం వలన గనేరియా సూక్ష్మజీవి మందులకు లొంగని స్థితికి చేరుతున్నది. ఒకప్పుడు దానిపై చక్కగా పనిచేసిన పెన్సిలిన్, సిప్రోఫ్లాక్ససిన్ నేడు దానికి నమ్మదగిన మందులు కావు.

హెచ్.ఐ.వి. ఉన్న దాంపత్యం

మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడినది 1986లో, నాటి మద్రాసు నగరంలో. వైద్యురాలు సునీతి సాలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలలో అది కనిపించింది. ఆనాడు దానికి చికిత్స లేదు. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వం ఉచితంగా మందులు అందిస్తున్నది. 2017 నుండి వ్యాధి దశతో నిమిత్తం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే చికిత్స ప్రారంభిస్తున్నారు.

దంపతులలో ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి 1,763 జంటలపై మన చెన్నై, పుణె నగరాలతో సహా తొమ్మిది దేశాలలో ఒక అధ్యయనం జరిగింది. వైరస్ ఉన్నవారు త్వరగా మందులు ప్రారంభిస్తే భాగస్వామికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గినట్లు 2011లో వెలువడిన ఫలితాలు చూపాయి. మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గి, అలాగే కొనసాగుతున్నవారి నుండి లైంగికంగా భాగస్వామికి హెచ్.ఐ.వి. సోకదని తరువాతి పరిశోధనలు స్థిరపరచాయి. అనగా ప్రతిదినం మందు వేసుకోవడమే తన భాగస్వామి పట్ల ఆ వ్యక్తి చూపే బాధ్యత. ఈ విషయం తెలియక విడిపోయిన దంపతులను తలచుకుంటే బాధ కలుగుతుంది.

చట్టం కూడా ఇక్కడ ఒక సమతూకాన్ని పాటించింది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని ఆదేశిస్తున్నది. భాగస్వామికి చెప్పవలసినదిగా రోగికి కౌన్సెలింగ్ ఇవ్వాలి. భాగస్వామికి గణనీయమైన ప్రమాదం ఉండి, రోగి తాను చెప్పబోడని తేలినప్పుడు మాత్రమే, ఆ సంగతి రోగికి తెలియజేసి, వైద్యుడు లేదా కౌన్సెలర్ స్వయంగా భాగస్వామికి తెలుపవచ్చు. అయితే అలా తెలిపినందువల్ల రోగిపై, ముఖ్యంగా స్త్రీపై, హింస జరుగుతుందనీ, ఆమెను వెళ్ళగొడతారనీ సహేతుకమైన భయం ఉన్నప్పుడు తెలుపరాదు. చట్టం ఈ మినహాయింపును వ్రాయవలసి వచ్చిందంటే మన ఇళ్ళలో ఏమి జరుగుతున్నదో ఊహించుకోవచ్చు.

ఉద్యోగులు తెలుసుకోవలసిన మరికొన్ని అంశాలు ఉన్నాయి. హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో ఉద్యోగం నిరాకరించడం, తొలగించడం చట్టవిరుద్ధం. ఉద్యోగానికి ముందస్తు షరతుగా ఆ పరీక్ష కోరరాదు. వంద మంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలోను ఈ చట్టం క్రింద ఫిర్యాదులు స్వీకరించే అధికారిని నియమించాలి. క్యాంటీనులో పక్కపక్కన కూర్చుని భోజనం చేయడం వలన, కరచాలనం వలన, ఒకే మరుగుదొడ్డి వాడడం వలన, దోమకాటు వలన ఈ వైరస్ వ్యాపించదు. తోటి ఉద్యోగిని దూరం పెట్టడానికి వైద్యశాస్త్రంలో గాని, చట్టంలో గాని ఆధారం లేదు.

ఎక్కడికి వెళ్ళాలి?

కాలనీలో అందరూ ఒకరికొకరు తెలిసినవారే కావడం వలన సంస్థ ఆసుపత్రికి వెళ్ళడానికి జంకేవారు ఉంటారు. వారిని మేము తప్పుపట్టము. జిల్లా ఆసుపత్రులలోను, వైద్యకళాశాలల ఆసుపత్రులలోను 'సురక్ష క్లినిక్' పేరిట నెలకొల్పిన కేంద్రాలలో ఈ సంక్రమణలకు పరీక్ష, చికిత్స ఉచితంగా లభిస్తాయి. హెచ్.ఐ.వి. పరీక్షకు, కౌన్సెలింగ్‌కు ప్రభుత్వ కేంద్రాలు వేరుగా ఉన్నాయి. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి పేరు చెప్పకుండానే సలహా పొందవచ్చు.

వైద్యుని వద్ద దంపతులు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. వ్యాధి పరీక్షలో తేలిందా, లక్షణాలను బట్టి చెప్పారా? ఇద్దరికీ చికిత్స అవసరమా? ఎన్ని రోజులు దూరంగా ఉండాలి? మరల ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి? 'ఎవరి నుండి వచ్చింది' అన్న ప్రశ్న ఈ జాబితాలో లేదు. వైద్యుడు దానికి సమాధానం చెప్పలేడు. సమాధానం తెలిసిన వ్యక్తి ఇంట్లో ఎవరైనా ఉంటే, నయమైన తరువాత, కోపం చల్లారిన తరువాత, చెప్పడానికి ధైర్యం వచ్చినప్పుడు వారే చెబుతారు. అసలు ఎవరికీ తెలియని సందర్భాలే ఎక్కువ. ఆ తెలియనితనంతోనే కలిసి జీవించగల దంపతులకు ఏ వ్యాధీ హాని చేయలేదు.

వచ్చే సంచికలో హెపటైటిస్-బి, హెచ్.పి.వి. టీకాలను గురించి, అవి ఏ వయసులో ఎవరికి వేయించాలన్న విషయాన్ని గురించి ముచ్చటించుకుందాము. పాఠకులు తమ సందేహాలను ఎప్పటివలె సంపాదకుని చిరునామాకు పంపవచ్చు. పేరు వ్రాయడం వ్రాయకపోవడం వారి ఇష్టం.